గార్డులు తొడిగిన చేతులు

అక్టోబర్ 11

మా ఆయన నెజీబ్ రెండు చేతులూ కట్లలో ఉన్నాయి. ఇంట్లో మాట లేదు.

అక్టోబర్ 12

ఆదివారం గాలి ఎక్కువ. అదే కారణం.

సరస్సు పక్క రోడ్డు మీద ఐదుగురం వెళ్తున్నాం, ఎదురుగాలిలో. మోటారుకి బలం చాలకపోతే ఈ బ్యాటరీ ఒంటిచక్రం బండి ముందుగా కూత పెడుతుంది. వినేవాళ్ళు ఆ కూత విని వేగం తగ్గించుకుంటారు. మా ఐదుగురిలో ఎవరికీ చెవులు పనిచెయ్యవు కాబట్టి అది కూసినా ఒకటే, కూయకపోయినా ఒకటే. కాళ్ళ కింద పెడళ్ళు వెనక్కి వాలితే మాకు తెలుస్తుంది. ఆ రోజు వాలాయో లేదో. నెజీబ్ నా వైపు తిరిగి రెండు చేతుల్తో ఏదో కథ చెబుతున్నాడు. చక్రం ఆగిపోయింది. మనిషి ఆగలేదు. పడేటప్పుడు అందరూ చేసేదే ఆయనా చేశాడు, రెండు అరచేతులూ ముందుకు చాపాడు.

ఎడమ మణికట్టు చిట్లింది. కుడిది ముక్కలైంది. సోమవారం కోసి, లోపల పట్టీ పెట్టి మరలు బిగించారు.

గాలి అంత లేకపోతే ఏమీ అయ్యేది కాదు.

అక్టోబర్ 14

ఆస్పత్రిలో ఎవరో అడిగారట, మణికట్టుకి గార్డులు లేవా అని. జొహ్రా వదిన వాళ్ళ మాట నాకు చేతుల్తో చెప్పింది. నెజీబ్‌కి అక్క ఆవిడ. చెవులు వినపడతాయి, చిన్నప్పట్నించీ తమ్ముడితో చేతుల్తోనే మాట్లాడింది. కాకపోతే వంటింట్లో నేర్చుకున్న భాష, ప్రతి మాటా ఏదో తరుగుతున్నట్టే ఉంటుంది.

"ఉన్నాయి, ఇంట్లో," అన్నాను.

"రోడ్డు మీద పడేవాడికి గార్డులు ఇంట్లో ఎందుకున్నాయి?"

"వేడి. చెమట పడుతుంది."

వదిన అటు తిరిగింది. డాక్టరుకి ఏం చెప్పిందో తెలీదు.

అక్టోబర్ 17

వదిన పొద్దున్నే శనగల పులుసు గిన్నెతో వచ్చింది. రొట్టె ముక్కలు నానేసి, జీలకర్ర చల్లి, తమ్ముడికి తనే తినిపించింది. ఒక్కో చెంచాకీ ఆగి, చెంచా గిన్నెలో పెట్టి, చేతుల్తో తిట్టి, మళ్ళీ చెంచా తీసుకుంది.

"యాభై ఏళ్ళు వస్తున్నాయి నీకు. సర్కస్‌లో తిరిగేవాడికి జీతమన్నా ఇస్తారు."

నెజీబ్ కనుబొమలు ఎగరేశాడు.

"ఏమంటున్నాడు వీడు?" అని నన్నడిగింది.

"హరిస్సా కారం తక్కువైందంటున్నాడు."

నెజీబ్ నవ్వాడు. ఎనిమిది రోజుల్లో మొదటిసారి. వదిన మాత్రం నవ్వలేదు. తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ, ఆయనకి వీపు తిప్పి, నాకు మాత్రం కనపడేలా అంది. "ఆ రెండు చక్రాలూ అమ్మెయ్యి హాయత్. నీదీ, వాడిదీ."

అమ్మను.

ఎందుకు అమ్మనో వదినకి చెప్పినా అర్థం కాదు. ఆవిడ జీవితంలో ఎప్పుడన్నా దారిలో మాటలు ఆపుకోవలసి వచ్చిందా? కారులో స్టీరింగు పట్టుకుంటే నాకు మాట పడిపోతుంది. మోపెడ్ మీద నెజీబ్ వెనక కూర్చుంటే ఆయన వీపుతో ఏం మాట్లాడను? ఇరవై రెండేళ్ళ కాపురంలో పద్దెనిమిదేళ్ళు, ఎక్కడికి బయల్దేరినా దిగేదాకా ఇద్దరం నోరు కట్టేసుకున్నవాళ్ళమే. ఈ చక్రానికి హ్యాండిల్ లేదు. ఒళ్ళు ముందుకు వాలిస్తే వెళ్తుంది, వెనక్కి వాలిస్తే ఆగుతుంది. చేతులు ఖాళీ. నాలుగేళ్ళ కిందట క్రామ్ నుంచి లా గులెత్ దాకా పక్కపక్కన మొదటిసారి వెళ్ళినప్పుడు, ఇద్దరం ఒక్క నిమిషం ఆపకుండా మాట్లాడుకున్నాం. వెళ్ళి వెనక్కి వచ్చేశాం. ఏం కొనడానికి వెళ్ళామో అది కొనడమే మర్చిపోయాం.

మేం ఐదుగురం వెళ్తుంటే కార్లు నెమ్మదిస్తాయి. చూడనీ. టూనిస్ మొత్తంలో రోడ్డు మీద కబుర్లు చెప్పుకుంటూ హాయిగా వెళ్ళేది మేమే.

అక్టోబర్ 20

బుధవారాలు బధిర పిల్లల క్లాసులో నెజీబ్ కథలు చెబుతాడు. ఈ ఊళ్ళో ఆయనంత బాగా చెప్పేవాడు లేడు. నా మొగుడని అనడం లేదు, అందరూ అంటారు. ఆయన చేతుల్లో ఒంటె లేస్తే, నిజం ఒంటెలాగే మొదట వెనక కాళ్ళు లేస్తాయి.

పిల్లలు ఫోన్‌లో వీడియో పంపారు. అందరూ ఒకే మాట, "ఎప్పుడు?" ఆయన చూసి, ఫోన్ తీసెయ్యమని గడ్డంతో చెప్పాడు.

అక్టోబర్ 23

లొత్ఫీ వచ్చాడు. మా ఐదుగురిలో చిన్నవాడు, చేపల ఓడరేవులో పని. నెజీబ్ నిద్రపోతున్నాడు. లొత్ఫీ వంటింట్లో నారింజ వొలుస్తూ మధ్యలో ఆపి, "అక్కా, ఆగస్టులో ఆ గార్డుల మీద మనం ఎంత నవ్వాం," అన్నాడు.

"మనం కాదు. నువ్వు."

లొత్ఫీ మిగతా నారింజ వొలిచి నా ముందు పెట్టాడు.

అక్టోబర్ 24

ముందు లొత్ఫీయే నవ్వాడు.

అక్టోబర్ 26

లొత్ఫీ కాదు.

అక్టోబర్ 30

ఇది నేను తప్ప ఎవరూ చదవరు. రాస్తాను.

ఆగస్టులో నెజీబ్, చక్రాలమ్మే రిధా కొట్టులో గార్డులు కొన్నాడు. నల్లవి, మణికట్టుకి పైనా కిందా గట్టి ప్లాస్టిక్ బద్దలు, అరచేతి మీద నున్నటి పలక. తొడుక్కుని వచ్చి, ఎలా ఉన్నాయని అడిగాడు. మణికట్టు వంగడం లేదు. "రేపు" అంటే "తర్వాత"లా ఉంది, "తర్వాత" అంటే ఏమీ లేదు. ఆయనంత మాటకారి చేతులు తాగినవాడి చేతుల్లా తడబడుతుంటే నాకు నవ్వాగలేదు. అందరి ముందూ అన్నాను, "చూడండి, నెజీబ్ చేతులకి బూట్లు తొడుక్కున్నాడు. కాళ్ళతో మాట్లాడుతున్నాడు."

బూట్లు కుట్టేదాన్ని కదా, జోకు బాగా పేలింది. లొత్ఫీ కడుపు పట్టుకున్నాడు. నెజీబ్ కూడా నవ్వాడు. నవ్వుతూనే పట్టీలు ఊడదీసి సంచిలో పెట్టేశాడు. మళ్ళీ తియ్యలేదు.

గాలి ఉంది. గాలి ఉన్న మాట నిజమే.

నవంబర్ 3

ఏడుస్తూ కూర్చుంటే పని కాదు. ఆయన మళ్ళీ చక్రం ఎక్కుతాడు. ఎక్కేటప్పటికి చేతులకి ఏం తొడుక్కోవాలో నేను తేల్చాలి. పడితే కాపాడాలి, మాట మింగకూడదు. అలాంటిది ఎక్కడో ఉండకపోదు. లేకపోతే నేనే కుడతాను.

రిధా కొట్టుకి వెళ్ళాను. ఆయనకి చెవులు వినపడతాయి. "బాగున్నారా", "చార్జింగు" అనే రెండు మాటలు మాత్రం చేతుల్తో చెప్పగలడు. మిగతాది ఫోన్‌లో రాసి చూపిస్తాడు. నా ముందు రెండు జతలు పెట్టాడు. ఒకటి నెజీబ్ కొన్నలాంటిదే. రెండోది మెత్తటి చేతితొడుగు, అరచేతిలో మెత్త కుట్టింది. తొడుక్కుని మాట్లాడి చూశాను. అన్ని మాటలూ పలుకుతున్నాయి.

"ఇది," అన్నాను.

రిధా తల అడ్డంగా ఊపి రాశాడు. "మేడం, చెయ్యి రోడ్డు మీద ఆగకూడదు. జారాలి. చెయ్యి ఆగితే ఒంటి బరువంతా వచ్చి దాని మీద పడుతుంది. ఈ మెత్తది జారదు."

నేను రాశాను. "ఇరవై ఏళ్ళుగా అడుగు జారకుండా ఉండే బూట్లు కుడుతున్నాను. జారడం గురించి నాకు చెబుతున్నారా?"

"కాళ్ళు వేరు, చేతులు వేరు," అని రాశాడు.

రెండు జతలూ తీసుకున్నాను.

నవంబర్ 9

మూడో జత నాది. మూడు రోజులు పనిబల్ల దగ్గర్నించి లేవలేదు. దూడతోలు, రెండు పొరలు. మధ్యలో బూటు అడుగున పెట్టే సన్నటి ఉక్కు పట్టీ. వేళ్ళు పూర్తిగా బయటికి. మణికట్టు దగ్గర తోలు సన్నగా చెక్కి, అటూ ఇటూ వంగేలా మడత పెట్టాను. తోలు పొడిచే ఆరెతో ఒక్కో చిల్లూ వేసి, మైనం పట్టించిన దారంతో చేత్తో కుట్టాను. ఇలాంటి కుట్టు క్రామ్‌లో ఇంకెవరన్నా వేస్తే చూపించమనండి.

నెజీబ్ ముందు తొడుక్కుని పది నిమిషాలు మాట్లాడాను. ఒక్క మాట తడబడలేదు. ఆయన ముందుకు వంగి, కుట్టు మీద చెంప ఆనించి చూశాడు. చేత్తో తడమలేడు కదా.

నవంబర్ 14

ఎడం చేత్తో రాస్తున్నాను. మిగతాది తర్వాత.

నవంబర్ 18

కుడిచెయ్యి కాస్త నయంగా ఉంది. రాస్తాను.

13వ తారీకు ఆదివారం పొద్దున, లా గులెత్‌లో పాత ఉప్పు గోదాం వెనక ఖాళీ స్థలం. తారు వేసి ఉంటుంది, మనుషులు రారు. లొత్ఫీని సాక్షిగా పిలిచాను. తల మీద హెల్మెట్, మోకాళ్ళకీ మోచేతులకీ ప్యాడ్లు. చక్రం మీద పరుగంత వేగంతో వెళ్ళి, కావాలని ముందుకు పడి, అరచేతులు ఆనించాలి. అదీ పరీక్ష.

"నలభై మూడేళ్ళొచ్చాక కావాలని పడేవాళ్ళని నిన్నే చూస్తున్నానక్కా," అన్నాడు లొత్ఫీ.

"చూసి నేర్చుకో."

ముందు మెత్తవి. అరచేతులు రోడ్డుకి అంటుకుపోయాయి. చేతులు అక్కడే ఉన్నాయి, నేను వాటి మీద నుంచి పల్టీ కొట్టాను. భుజం కొట్టుకుంది. మెత్త చిరిగింది. రిధా చెప్పినట్టే. సరే, కొట్టులో సరుకు, నా కుట్టు కాదు.

తర్వాత నావి. మొదటిసారి పడితే బాగానే ఉంది. లొత్ఫీకి విజయం గుర్తు చూపించాను. రెండోసారీ బాగానే ఉంది. మూడోసారి కొంచెం వేగం పెంచాను. తోలు తారుని పట్టేసుకుంది. మణికట్టు దగ్గర నేను అంత ఓపిగ్గా చెక్కి పెట్టిన మడత ఎందుకు పెట్టానో ఆ పనే చేసింది, వంగింది. చెయ్యి వెనక్కి మడుచుకుపోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. కూర్చుండిపోయాను.

లొత్ఫీ పరిగెత్తుకొచ్చాడు. "చాలు. ఇంటికి పద."

"ఇంకో జత ఉంది."

"చెయ్యి వాచిపోతోంది అక్కా."

"పట్టీలు బిగించు."

వాడు బిగించనన్నాడు. పళ్ళతో బిగించుకున్నాను. కొత్త గట్టివి కాదు, నెజీబ్ ఆగస్టులో కొన్నవే తెచ్చాను, అవే తొడుక్కున్నాను. కుడి మణికట్టు అప్పటికే మంట. వాటిలో పెట్టగానే కదలడం మానేసింది, నొప్పి సగం తగ్గింది. వెళ్ళి పడ్డాను. సబ్బు నేల మీద జారినట్టు చేతులు ముందుకు జారిపోయాయి. నేనూ వాటి వెనకే బోర్లా జారి ఆగాను. పలక మీద గీతలు. చేతికి ఏమీ లేదు. మళ్ళీ పడ్డాను. ఇంకా వేగంగా మళ్ళీ పడ్డాను. ఏడుసార్లు. ఏడుసార్లూ నా అంతట నేనే లేచాను.

గోదాం గోడకి ఆనుకుని కూర్చుని ఆ నల్లటి బద్దలు చాలాసేపు చూశాను. మాట కోసం వంగేది ఎముక విరిగేదాకా వంగుతుంది. రెండూ కావాలంటే కుదరదు. నా కుట్టు అందంగానే ఉంది. దాన్ని గోడకి తగిలించుకుంటాను.

ఇంటికొచ్చేసరికి నా వాపూ, చిరిగిన ప్యాంటూ చూసి నెజీబ్ లేచి నిలబడ్డాడు. అడగడానికి చేతులు లేవు. ఎడం చేత్తో, సగం కుడిచేత్తో మొత్తం చెప్పాను. పరీక్ష సంగతి, ఆగస్టు సంగతి. "నేను నవ్వాను. అందుకే నువ్వు తీసేశావు. అందరికీ గాలి అని చెబుతున్నాను."

మాలో కోపమొస్తే కళ్ళు మూసుకుంటాం. ఎదుటివాళ్ళ మాట అక్కడితో తెగిపోతుంది. ఆయన మూసుకోలేదు. చివరిదాకా చూశాడు.

తర్వాత గుర్తొచ్చింది, జవాబు చెప్పలేనివాడి ముందు ఒప్పుకున్నానని. అది పెద్ద ధైర్యమేమీ కాదు. కట్లు విప్పాక మళ్ళీ చెప్పాలి.

నవంబర్ 23

కట్లు కోశారు. చేతులు సన్నబడి తెల్లగా ఉన్నాయి, వేరే ఎవరివోలా. ఆస్పత్రి వరండాలోనే, వదిన మందులకి వెళ్ళినప్పుడు, మళ్ళీ చెప్పాను. ఈసారి గబగబా కాకుండా.

ఆయన బిగుసుకున్న వేళ్ళతో ఒక్కో మాటా కూడబలుక్కున్నాడు.

"నవ్వింది నువ్వు. తీసింది నేను. పెళ్ళాం నవ్విందని ఎముకలు పణంగా పెట్టాను. దాంట్లో నీ వాటా సగమే. అంతా నువ్వే తీసుకోకు."

వదిన తిరిగొచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి, "ఇప్పుడేమైంది?" అంది.

"మాట్లాడుతున్నాడు," అన్నాను.

డిసెంబర్ 7

ఎడమది బాగుంది. కుడిది సగమే వంగుతోంది. వ్యాయామం చేయించే ఆమె వదినతో చెప్పింది, ఇంకొంచెం రావచ్చు, మునుపట్లా మాత్రం రాదని.

డిసెంబర్ 8

బుధవారం క్లాసుకి వెళ్ళను అన్నాడు.

డిసెంబర్ 11

అడిగాను. "నా ఒంటె ఇప్పుడు కర్రలా లేస్తోంది. పిల్లలకి నత్తి కథ ఎందుకు," అన్నాడు. నాకు అర్థమైంది కదా అన్నాను. "నువ్వు నా పెళ్ళానివి, నీకు గోడ చెప్పినా అర్థమవుతుంది," అన్నాడు.

ఆయన మాటలో తేడా తెలుస్తోంది. మోచెయ్యి పైకెత్తి, భుజంతో తిప్పి, మణికట్టు లేని లోటు తీర్చుకుంటున్నాడు. తనకి తెలీకుండానే. నాకు బాగానే ఉంది. బాగుందని చెబితే జాలి అనుకుంటాడని చెప్పలేదు.

డిసెంబర్ 18

ఐదుగురం మా ఇంట్లో. అందరికీ గట్టి గార్డులు తెప్పించాను. టేపుతో ఒక్కొక్కరి అరచేతి చుట్టుకొలత, వేలి కణుపుల మీదుగా, నేనే తీశాను. వదులైతే పడినప్పుడు తిరిగిపోతాయి. బిగువైతే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి.

లొత్ఫీ మొండికేశాడు. "ఇవి తొడుక్కుని ఏం మాట్లాడాలి? చక్రం ఎక్కేది మాట్లాడుకోవడానికే కదా. ఆగస్టులో అన్నది నువ్వే, చేతులకి బూట్లని."

"అన్నాను. తప్పు. వెధవ జోకు," అందరి ముందూ అన్నాను. నెజీబ్ నా వంక చూడకుండా కిటికీలోంచి బయటికి చూశాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. "ఉప్పు గోదాం దగ్గర నువ్వే చూశావు. దేంతో లేచానో, దేంతో లేవలేదో మిగతావాళ్ళకి చెప్పు."

లొత్ఫీ మిగతావాళ్ళ వైపు తిరిగాడు. తర్వాత చెప్పాడు. ఏడుసార్లని పదిహేను చేసి చెప్పాడు. నేను సరిదిద్దలేదు.

జనవరి 15

ఆదివారం. డాక్టరు సరేనన్నాడు. మెల్లగా, చదును రోడ్డు మీద, అంతే.

వీధి మలుపులో జొహ్రా వదిన చేతులు కట్టుకుని నిలబడింది. ఆపడానికి వచ్చిందనుకున్నాను. తమ్ముడి దగ్గరికొచ్చి, గార్డుల పట్టీలు ఒక్కోటీ లాగి చూసి, కుడిచేతిది ఇంకో మెట్టు బిగించింది. "ఈసారి పడితే తినిపించను. నాక్కూడా మోకాళ్ళ నొప్పులున్నాయి," అంది.

నెజీబ్ చక్రం ఎక్కాడు. మొదటి పది గజాలు నేను ఆయన పెడళ్ళనే చూస్తూ వెళ్ళాను. తర్వాత ఆయన వీపు నిటారుగా నిలిచింది. మూడు నెలలుగా ఇంట్లో చూసిన మనిషి కాదు, నా మొగుడు.

సముద్రం పక్క రోడ్డు ఎక్కాం. లొత్ఫీ ముందుకొచ్చి ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు. వాడి మణికట్లు కదలడం లేదు, మాటలన్నీ కట్టెల్లా వస్తున్నాయి. మిగతా ఇద్దరిదీ అదే అవస్థ. నేను "నెమ్మది" అనబోతే అది "నేల" అయింది. నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం.

నెజీబ్ ఒక్కడు మాత్రం మాట్లాడుతున్నాడు. అడ్డు లేకుండా. మోచెయ్యి ఎత్తి, భుజం తిప్పి, మొహంతో మిగతాది నింపి. చేతులకి గార్డులున్నాయని కూడా తెలియడం లేదు. లొత్ఫీ ఆయన్నే చూస్తూ వెళ్ళాడు, కాసేపు. తర్వాత వాడూ మోచెయ్యి ఎత్తాడు, భుజం తిప్పాడు, అదే మాట మళ్ళీ అన్నాడు. ఈసారి అందరికీ అర్థమైంది.

"అన్నా, ఈ గార్డులతో నీ యాసలో తప్ప మాట రావడం లేదు," అన్నాడు లొత్ఫీ.

నెజీబ్ వేగం తగ్గించి వాడి పక్కకి వచ్చాడు. నేను ఇద్దరి మధ్యకీ వెళ్ళబోయాను. అది ఎగతాళి అనుకుంటాడేమో అని.

"ఇంకోసారి అను," అన్నాడు.

లొత్ఫీ అన్నాడు.

నెజీబ్ తల అడ్డంగా ఊపాడు. క్లాసులో పిల్లల దగ్గర పెట్టే మొహం పెట్టాడు. అక్టోబర్ నుంచి ఆ మొహం చూడలేదు. "తప్పు. నా యాస అలా ఉండదు. మోచెయ్యి ఇంకొంచెం పైకి. భుజం ముందు, చెయ్యి తర్వాత. మళ్ళీ."

కార్తేజ్ దాకా పాఠం నడిచింది. ఎవర్నీ వదల్లేదు. వెనకాల ఒక కారు చాలాసేపు దాటకుండా మమ్మల్ని చూస్తూ వచ్చింది, నేను కావాలనే దారి ఇవ్వలేదు. ఇంటికొచ్చాక ఎల్లుండి కాక ఆపై రోజు బుధవారమా అని అడిగాడు. అవునన్నాను.

ఇప్పుడు అద్దం ముందు నిలబడి ఏదో ఒంటెని లేపుతున్నాడు. నా మోచెయ్యి మాత్రం ఇంకా సరిగ్గా లేవడం లేదట. రేపు పొద్దున మళ్ళీ నేర్పిస్తానన్నాడు.